గంగ ఒడ్డున ఆరువేల రూపాయల ఇల్లు

పాత గోడలు: ఏడో భాగం

గత భాగంలో డెన్మార్క్ వాళ్ల తరంగంబాడి కోట దగ్గర ఆగాం. అక్కడి నుంచి మద్రాసు చేరి, 1728లోనే తెలుగుకు వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్జ్ సంగతి చెప్పుకున్నాం. మన దేశంలో డేన్లకు మరో చిన్న ఊరు కూడా ఉండేది. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కలకత్తాకు ఎగువన ఒక్క పూట పడవ ప్రయాణంలో వచ్చే శ్రీరాంపూర్ అది. మన క్రైస్తవ కుటుంబాల్లో సెరాంపూర్ అంటే వెంటనే తెలుస్తుంది. ఇంట్లో ఎవరైనా వేదాంత విద్య చదివి ఉంటే గోడ మీది పట్టాలో ఆ పేరు ఉండే ఉంటుంది. 1755లో డేన్లు అక్కడ స్థిరపడి తమ రాజు పేరిట ఫ్రెడెరిక్స్‌నగర్ అని పిలుచుకున్నారు. ఎదుటి ఒడ్డున బారక్‌పూర్, ఇంగ్లిషు గవర్నర్ జనరల్ విడిది. నది మధ్యలోకి వస్తే చాలు, పాలన మారిపోతుంది.

ఈ భాగంలోని కథంతా ఆ సరిహద్దు పుణ్యమే. ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలోకి మిషనరీలను రానిచ్చేది కాదు. మతం జోలికి పోతే వ్యాపారం దెబ్బతింటుందని దాని భయం. 1799 అక్టోబరు 13న క్రైటీరియన్ అనే అమెరికా ఓడలో వచ్చిన ఇంగ్లండు బాప్తిస్టులు కలకత్తాలో కాలు పెట్టకుండా, చిన్న పడవల్లో నేరుగా సెరాంపూర్ చేరారు. బ్రిస్టల్‌లో బడిపంతులుగా పనిచేసిన జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, అచ్చు పని తెలిసి పత్రికలు కూడా నడిపిన విలియం వార్డ్, బ్రన్స్‌డన్ దంపతులు, గ్రాంట్ కుటుంబం ఆ పడవల్లో ఉన్నారు. వాళ్లను వెనక్కి పంపమని కలకత్తా నుంచి ఒత్తిడి వచ్చింది. డేనిష్ గవర్నర్ ఓలే బీ ససేమిరా అన్నాడు. తన రాజు ఊరికి వచ్చిన వాళ్లు తన అతిథులని తేల్చి చెప్పాడు. అయితే చావును ఆపడం గవర్నర్ల చేతిలో లేదు కదా. దిగిన మూడు వారాలు నిండకముందే గ్రాంట్ జ్వరంతో పోయాడు.

అప్పటికి విలియం కేరీ బంగాళం ఉత్తరాన మద్నాబతి అనే పల్లెలో నీలిమందు కర్మాగారం చూసుకుంటున్నాడు. ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికిన మనిషి. 1792 అక్టోబరులో కెటరింగ్ పట్నంలో ఒక వితంతువు ఇంట్లో కొద్దిమంది చేరి బాప్తిస్టు మిషనరీ సొసైటీ పెట్టినప్పుడు వాళ్లలో ఉన్నాడు, మరుసటి ఏడు నవంబరులో కలకత్తాలో దిగాడు. మద్నాబతిలో అయిదేళ్ల కొడుకు పీటర్‌ను పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖం తర్వాత భార్య డొరతీ మనసు చెదిరింది, మళ్లీ కుదుటపడలేదు. కొత్తగా వచ్చిన వాళ్లకు కంపెనీ నేల మీద చోటు దొరకదని తేలిపోవడంతో ఆయనే మకాం ఎత్తేశాడు. భార్యనూ నలుగురు కొడుకులనూ, ఒక చెక్క అచ్చుయంత్రాన్నీ వెంటబెట్టుకుని 1800 జనవరి 10న సెరాంపూర్ వచ్చాడు.

ఇంతమందికి ఒక గూడు కావాలి. అద్దెలు చూస్తే గుండె గుభేలుమంది, కొనేయడమే నయమనుకున్నారు. గవర్నర్ బంధువు ఇల్లు ఒకటి అమ్మకానికి ఉంది, వెల ఆరువేల రూపాయలు. ఆనాటి లెక్కన ఎనిమిది వందల పౌండ్లు. ఆ మొత్తం వింటే భయం వేసిందని వార్డ్ తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ ఇంటి రూపురేఖలు కూడా ఆయనే రాసిపెట్టాడు కాబట్టి, ఇవాళ ఆ గోడలు లేకపోయినా మనం లోపలికి వెళ్లి చూడవచ్చు. ముందు విశాలమైన వసారా. దాటితే పెద్ద హాలు. హాలుకు అటు రెండు, ఇటు రెండు గదులు. ముందు వైపు విడిగా మరో రెండు గదులు. ఒక పక్కన వేరుగా సామాన్ల కొట్టు. దాన్ని చూడగానే వార్డ్ మనసులో అచ్చుకూటం మెదిలింది. చుట్టూ ప్రహరీ, లోపల రెండెకరాలకు పైగా నేల, వెనక తోట, నడుమ మంచినీళ్ల కోనేరు. గడప దిగితే నది.

ఆ నాలుగు గదుల్లో, ముందున్న రెండు గదుల్లో ఎవరెవరు సర్దుకున్నారో ఒకసారి ఊహించండి. నలుగురు మగపిల్లలతో, మతి తప్పిన తల్లితో కేరీ కుటుంబం. పిల్లలతో మార్ష్‌మన్‌లు. భర్తను మట్టిలో కలిపి మూడు నెలలు కూడా కాని గ్రాంట్ భార్య, ఆమె బిడ్డలు. బ్రన్స్‌డన్, అంతకుముందే వచ్చి కేరీతో కలిసి పనిచేసిన ఫౌంటెన్, వాళ్ల భార్యలు. ఇంకా పెళ్లికాని వార్డ్. వచ్చిన వారంలోనే వీళ్లు ఇంటికి కట్టుబాట్లు రాసుకున్నారు. ఇంటి పెత్తనం నెలకొకరిది. డబ్బు పెట్టె, మందుల పెట్టె కేరీ దగ్గర. పుస్తకాలు ఫౌంటెన్ దగ్గర. ఎవరూ సొంత వ్యాపారం చేయకూడదు, ఎవరు ఏం సంపాదించినా అందరిదీ. శనివారం సాయంత్రం మాత్రం మరే పనీ పెట్టుకోకూడదు. ఆ వారంలో ఒకరితో ఒకరికి వచ్చిన పొరపొచ్చాలు ఆ పూటే తెంచుకుని, ఒకరినొకరు ప్రేమిస్తామని మళ్లీ మాట ఇచ్చుకోవాలి.

ఈ శనివారం కట్టుబాటు దగ్గర నాకు ఎప్పుడూ కాసేపు ఆగాలనిపిస్తుంది. సెరాంపూర్ గురించి రాసిన వాళ్లు చాలామంది భాషల లెక్క, పుస్తకాల లెక్క చెప్పి ముగిస్తారు. ఆ లెక్కలు గొప్పవే. కానీ ఉమ్మడి కుటుంబంలో పెరిగిన వాళ్లెవరికైనా తెలుసు, నలుగురు ఒకే పొయ్యి మీద తింటే గొడవలు పెద్ద విషయాల దగ్గర పుట్టవు, పాల గిన్నె దగ్గరా పిల్లల ఏడుపు దగ్గరా పుడతాయి. ఆ సంగతి ముందే గ్రహించి, దానికి వారంలో ఒక పూట కేటాయించిన వాళ్లు కనుకనే మిగిలిన లెక్కలు సాధ్యమయ్యాయని నా నమ్మకం.

ఆ పొయ్యి ఆరకుండా చూసింది హన్నా మార్ష్‌మన్. 1800 మే నెలలో దంపతులిద్దరూ హాస్టలు బళ్లు తెరిచారు. కలకత్తాలోని ఐరోపా కుటుంబాల పిల్లలు ఫీజు కట్టి అక్కడ చదువుకునేవారు. ఇల్లంతటికీ మొదట నిలకడగా డబ్బు తెచ్చింది ఆ బళ్లే. వంటశాల, బడి, రోగులు, వచ్చేపోయే అతిథులు, తల్లి ఉండీ లేనట్టయిన కేరీ కొడుకులు, అందరూ ఆమె చేతుల మీదే. మన దేశంలో పనిచేసిన తొలి మహిళా మిషనరీగా ఇవాళ ఆమెను చెప్పుకుంటున్నారు. ఆ మాట అనడానికి ఇంతకాలం పట్టడం మాత్రం న్యాయం కాదు.

వార్డ్ సామాన్ల కొట్టులో అచ్చుయంత్రం నిలబెట్టాడు. 1800 మార్చి 18న బంగ్లా మత్తయి సువార్త మొదటి పుట అచ్చయింది. మరుసటి ఏడాది బంగ్లా కొత్త నిబంధన మొత్తం పుస్తకంగా వచ్చింది. అక్షరాలు పోసిన చెయ్యి పంచానన్ కర్మకార్‌ది. కమ్మరి కులంవాడు. అంతకుముందు కంపెనీ కోసం చార్లెస్ విల్కిన్స్ దగ్గర బంగ్లా అచ్చు చెక్కిన వాడు. ఒక్కో అక్షరానికి ముందు ఉక్కు కడ్డీ కొనమీద అద్దంలో కనిపించే తీరున తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి పలక మీద కొడితే అచ్చుగుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన సీసం పోస్తే అక్షరం. మన లిపికి వత్తులూ గుణింతాలూ ఉన్నాయి కనుక ఇంగ్లిషులా ఇరవయ్యారు అక్షరాలతో పని జరగదు, వందల ముక్కలు కావాలి. పంచానన్ కొద్ది ఏళ్లకే పోయాడు. అల్లుడు మనోహర్ మామ పని అందుకుని నలభై ఏళ్లు అక్కడే చెక్కాడు. తెలుగు కూడా ఆ ఫౌండ్రీలోనే పోతపోసుకుంది.

1800 డిసెంబరు 28 ఆదివారం. కృష్ణపాల్ అనే వడ్రంగికి ఇంటి ముందున్న నదిలో బాప్తిస్మం. కొన్నాళ్ల కిందట అతని చేయి కీలు తప్పితే వైద్యుడైన జాన్ థామస్ సరిచేశాడు, అలా పరిచయం. అతనితోపాటు కేరీ పెద్ద కొడుకు ఫీలిక్స్ కూడా నీళ్లలో దిగాడు. ఒడ్డున గవర్నర్ నిలబడి కంటతడి పెట్టుకున్నాడు. ఏడేళ్ల ఎదురుచూపు తర్వాత తొలి హిందూ విశ్వాసి. చాలా పుస్తకాల్లో ఈ ఘట్టం ఇక్కడితో ఆగిపోతుంది. అదే సమయానికి ఇంటి లోపల ఒక గదిలో డొరతీ కేకలు పెడుతోంది. మరో చోట, ఆనందం పట్టలేక మతి చెదిరిన థామస్‌ను గదిలో పెట్టి తలుపు వేశారు. ఇంటిని పొగిడే రచయితలు ఆ కేకలను దాటేస్తారు, తిట్టే రచయితలు వాటినే పట్టుకుంటారు. ఆ రోజున రెండూ ఉన్నాయి. కడుపున పుట్టిన బిడ్డను పరాయి దేశపు మట్టిలో పెట్టి, అటుపైన ఏమీ తెలియని స్థితిలో ఆ ఇంట్లోనే మరో ఏడేళ్లు బతికి, 1807 డిసెంబరులో డొరతీ కన్నుమూసింది. రావడం తనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. బయల్దేరేముందు చివరి ఘడియల్లో ఒప్పించి తీసుకొచ్చారు. సెరాంపూర్ గొప్పతనానికి మూల్యం ఎవరెవరు చెల్లించారో రాసుకునేటప్పుడు మొదటి వరుసలో ఆమె పేరు ఉండాలి.

ఇక తెలుగు సంగతి. 1801 నుంచి కేరీ కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీలో బంగ్లా, సంస్కృతం చెప్పేవాడు. వారం మధ్య రోజులు కలకత్తాలో, మిగతావి సెరాంపూర్‌లో. జీతం మొదట నెలకు అయిదు వందలు, తర్వాత వెయ్యి. అదీ ఉమ్మడి పెట్టెలోకే. 1806 జూన్‌లో ఒక రోజు తాను ఏమేం చేశాడో ఉత్తరంలో రాశాడు. ఆరు కాకుండానే లేచి హీబ్రూ బైబిలు, తర్వాత మున్షీతో పారశీకం, ఫలహారమయ్యాక పండితుడితో సంస్కృత రామాయణం అనువాదం, ఆపైన కాలేజీ పాఠాలు, మళ్లీ మధ్యాహ్నం అచ్చు ప్రతులు దిద్దడం. సాయంత్రం ఆరు దాటాక మన తెలుగు పండితుడి దగ్గర కూర్చుని భాష నేర్చుకున్నాడు. ఏడున్నరకు ప్రసంగం. ఆ పండితుడి పేరు ఉత్తరంలో లేదు. పగలంతా ఇన్ని భాషలు నడిపిన మనిషికి దీపాలు పెట్టే వేళ తెలుగు అక్షరాలు దిద్దబెట్టిన ఆ పెద్దాయన ఏ ఊరివాడో, ఏ శాఖవాడో మనకు దక్కలేదు. కేరీ బొమ్మ ఎన్నో గోడల మీద ఉంది. మన పండితుడికి కనీసం ఒక వాక్యం బాకీ ఉన్నాం.

ఇంటికి అటు పక్కన మరో ఇల్లు ఉంది. తెలుగువాళ్లెవరూ దాన్ని చూడకుండా దాటిపోకూడదు. పేరు ఆల్డీన్ హౌస్. కలకత్తా చర్చి గురువు డేవిడ్ బ్రౌన్ 1803లో దాన్ని కొన్నాడు. ఫోర్ట్ విలియం కాలేజీ అధిపతి ఆయనే, అంటే కేరీకి పైవాడు. ఆ తోటలో నది ఒడ్డున పూజలు ఆగిపోయిన రాధావల్లభుడి పాత గుడి ఒకటి ఉండేది. 1806లో హెన్రీ మార్టిన్ అనే కుర్ర గురువు వచ్చి అందులో మకాం పెట్టాడు. అప్పటి నుంచి దాన్ని మార్టిన్ పగోడా అన్నారు. శాఖలు వేరైనా మిషన్ ఇంటివాళ్లూ వీళ్లూ కలిసి ప్రార్థన చేసుకునేవారు. డేవిడ్ బ్రౌన్ కొడుకుల్లో ఒకడు 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. ఆల్డీన్ కొనేనాటికి అయిదేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1812లో తండ్రి పోవడంతో కుటుంబం ఇంగ్లండు వెళ్లింది, 1817లో అతను కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగాడు, కడపలో బంగళా కొని వేమనను వెతికాడు. మిగతాది తెలుగువాళ్లందరికీ తెలుసు. మన నిఘంటుకర్త బాల్యానికి పక్కింట్లో తెలుగు అక్షరాలు పోత పోస్తుండేవారు.

1812 మార్చి 11 బుధవారం. అచ్చుకూటం అప్పటికి సామాన్ల కొట్టు దాటి రెండు వందల అడుగుల పొడవు పెరిగింది. సాయంత్రం పనివాళ్లు వెళ్లాక వార్డ్‌కు పొగ వాసన తగిలింది. కాగితాల అరల్లో నిప్పు. ఆయన బుర్ర చల్లగా పనిచేసింది. తలుపులూ కిటికీలూ మూయించి గాలి ఆడకుండా చేశాడు. కప్పుకు కన్నాలు పెట్టించి పైనుంచి నీళ్లు పోయించాడు. గంటలు గడిచాయి, మంట అణిగే దారిలో పడింది. అంతలో ఎవరో, మేలు చేస్తున్నాననుకునే, ఒక కిటికీ తెరిచారు. గాలి సోకింది. అటు చివర నుంచి ఇటు చివర దాకా ఒక్కసారిగా అంటుకుంది. అర్ధరాత్రి దాటేసరికి కప్పు కూలింది. ఇళ్లకు మాత్రం నిప్పు పాకలేదు.

పొద్దున్నే మార్ష్‌మన్ కలకత్తా వెళ్లి కేరీకి చెప్పాడు. ఏమేం పోయాయి? పద్నాలుగు భాషల అచ్చు అక్షరాలు. ఇంగ్లండు నుంచి వచ్చిన కాగితం నిల్వ. సంస్కృతానికీ దాని సోదర భాషలకూ కలిపి ఏళ్ల తరబడి కూర్చుతున్న మహానిఘంటువు రాతప్రతి. రామాయణం అనువాదంలో కొంత. తెలుగు వ్యాకరణం మొత్తం. పైసలు పెడితే కాగితం వస్తుంది, అక్షరాలు మళ్లీ పోయవచ్చు. రాతప్రతికి రెండో ప్రతి లేదు. కేరీకి అప్పుడు యాభై ఏళ్లు.

బూడిద తవ్వుతుంటే వార్డ్‌కు ప్రాణం లేచివచ్చింది. పంచానన్, మనోహర్ చెక్కిన ఉక్కు కడ్డీలు, అచ్చుగుంటలు చెక్కుచెదరలేదు. అచ్చుయంత్రాలు కూడా దక్కాయి. నది ఒడ్డున కొద్దిరోజుల ముందే ఖాళీ అయిన ఒక గోదాము ఉంటే అందులో కొలిమి పెట్టి, కరిగి ముద్దైన సీసాన్ని మళ్లీ కరిగించి రాత్రింబవళ్లు అక్షరాలు పోశారు. వార్త ఇంగ్లండు చేరాక రెండు నెలలు తిరక్కుండానే పదివేల పౌండ్లు పోగయ్యాయి. కాలిన చోట కూర్చుని కేరీ తెలుగు వ్యాకరణం మొదటి నుంచి మళ్లీ రాశాడు. 1814లో అది అచ్చయింది. ఇంగ్లిషులో వచ్చిన తొలి తెలుగు వ్యాకరణాల్లో అది ఒకటి. విశాఖపట్నంలో లండన్ మిషన్ తరఫున ఆగస్టస్ డేగ్రాంజ్, ఆనందరాయర్ కలిసి చేసిన మూడు సువార్తల తెలుగు అనువాదం కూడా 1812లో ఇక్కడి అచ్చే. కేరీ సొంత తెలుగు కొత్త నిబంధన 1818లోనూ, మోషే పంచకాండాలు 1821లోనూ వెలువడ్డాయి. ఆ అనువాదం మన ప్రాంతంలో నిలవలేదు. పండితుల పక్కన కూర్చుని నేర్చిన తెలుగుకూ జనం మధ్య తిరిగి నేర్చిన తెలుగుకూ ఉన్న తేడా అది. కేరీ తెలుగు నేలపై ఎన్నడూ బతకలేదు. అయినా బూడిదలోంచి ఒక వ్యాకరణాన్ని రెండోసారి రాసిన ఓపికకు దండం పెట్టాలి.

ఇంటి వెనక తోట గురించి చెప్పకపోతే అన్యాయం. కేరీ దాన్ని అయిదెకరాల దాకా పెంచి వరుసల ప్రకారం మొక్కలు నాటాడు. ఆయనకు ఆ పిచ్చిలో జత విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వృక్షోద్యానానికి రాకముందు రాక్స్‌బర్గ్ ఏళ్ల తరబడి మన సామర్లకోటలో తోట పెంచాడు, గోదావరి జిల్లాల మొక్కలకు తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. మన కొండల్లో కనిపించే కుంభి చెట్టుకు శాస్త్రనామం కేరియా, స్నేహితుడి పేరు మీద ఆయన పెట్టిందే. ఆయన పోయాక అచ్చుకాని ఫ్లోరా ఇండికాను కేరీయే దిద్ది సెరాంపూర్‌లో అచ్చువేశాడు. ఇంగ్లండు నుంచి విత్తనాలు వస్తే సంచీ ఖాళీ చేసి, దాని దుమ్మును కూడా నీడలో ఒక మూల దులిపేవాడట. అలా దులిపిన చోట ఒకసారి ఇంగ్లండు పల్లెల్లో కాలికింద నలిగే డైసీ పువ్వు మొలిచింది. ముప్పై ఏళ్లుగా చూడని పువ్వు. ఏటా దాని విత్తనాలు దాచి మళ్లీ వేసుకునేవాడు.

ఇంటి నుంచి కాలేజీ పుట్టింది 1818లో. ఆ ఏడే దిగ్దర్శన్, సమాచార్ దర్పణ్ పత్రికలు కూడా మొదలయ్యాయి. జులైలో ప్రకటించిన కాలేజీకి మొదట చేరింది 37 మంది. వాళ్లలో 19 మంది క్రైస్తవులు, మిగతావాళ్లు కారు. పాస్టర్లను తయారుచేసే బడి అన్న మాట నిజమే గానీ, ఏ కులంవాడైనా ఏ మతంవాడైనా చదవవచ్చని, సంస్కృతం, విజ్ఞాన శాస్త్రం కూడా నేర్పాలని వాళ్లు పట్టుబట్టారు. ఎత్తైన స్తంభాల భవనం లేచింది. డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడెరిక్ ఇనుప గేట్లూ మెట్లూ బహుమతి ఇచ్చాడు. 1827 ఫిబ్రవరి 23న ఆయనే ఇచ్చిన చార్టరుతో పట్టాలిచ్చే అధికారం దక్కింది. కలకత్తా విశ్వవిద్యాలయం పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు మాట ఇది.

కానీ పాత ఇంటికి చెడ్డ రోజులు అప్పటికే వచ్చాయి. 1823 మార్చిలో వార్డ్ కలరాతో పోయాడు. అక్టోబరులో కేరీ పడవ దిగుతూ మెట్ల మీద జారి తుంటి దగ్గర దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. అదే సమయానికి దామోదర్ నది గట్లు తెంచుకుంది. నీళ్లు తోటను ముంచాయి, ఒడ్డు కోసుకుపోయి ఇంటి గోడ దాకా వచ్చింది. నిలబడలేని మనిషిని మోసుకుని ఇల్లు ఖాళీ చేశారు. ఆ తర్వాత కాలేజీ పక్కన మరో ఇల్లు కట్టారు. కేరీ చివరి పదేళ్లూ అక్కడే. 1829 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున సహగమనాన్ని నిషేధిస్తూ గవర్నర్ జనరల్ బెంటింక్ జారీ చేసిన ఉత్తర్వు బంగ్లాలోకి మార్చమని ఆ ఇంటికే వచ్చింది. ప్రసంగం మరొకరికి అప్పగించి, ఒక్క పూట ఆలస్యమైతే ఒక ప్రాణం పోవచ్చని, సాయంత్రానికల్లా పండితుడితో కలిసి పూర్తిచేశాడు. కేరీ జీవితంలో అన్నిటికంటే గొప్ప అనువాదం ఏదంటే నేను ఆ కొద్ది కాగితాలనే చూపిస్తాను.

నది చేసిన నష్టం కంటే మనుషులు చేసింది ఎక్కువ బాధ పెడుతుంది. ఇంగ్లండులో సొసైటీ వ్యవహారాలు చూసే ఆండ్రూ ఫుల్లర్ ఉన్నంతకాలం దానికీ సెరాంపూర్‌కూ మధ్య కాగితాల అవసరం రాలేదు. 1815లో ఆయన పోయాక కొత్త కమిటీ ఆస్తి పత్రాలు అడిగింది. ఆ ఇళ్లు, స్థలాలు ఎవరివి? మేం సంపాదించి కొన్నవే అయినా మిషన్ కోసమే ధర్మకర్తలుగా ఉంచుకున్నాం, మా పిల్లలకు పైసా రాయం, కానీ లండన్ నుంచి పెత్తనం ఒప్పుకోం అని వీళ్లు. లెక్క చూపని ఆస్తి ఉండకూడదని వాళ్లు. కొత్తగా వచ్చిన కుర్ర మిషనరీలు కూడా విడిపోయి కలకత్తా చేరారు, వాళ్లలో కేరీ సొంత అన్నదమ్ముల కొడుకు ఒకడు. 1827లో సొసైటీతో తెగతెంపులయ్యాయి. శనివారం సాయంత్రాలు ఒక ఇంటిని కాపాడగలిగాయి. సముద్రం అవతల ముఖాలెరుగని కమిటీతో ఆ పద్ధతి ఎలా కుదురుతుంది? తప్పు ఒక్కవైపే ఉందని అనలేను. మార్ష్‌మన్ మొండివాడు, కమిటీకి ఓర్పు లేదు. మూడేళ్లకు కలకత్తా వ్యాపార సంస్థలు దివాలా తీయడంతో అక్కడ దాచిన నిధులు కూడా మునిగాయి.

1834 జూన్ 9న కేరీ పోయాడు. చివరి నెలల్లో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోటలోకి తిప్పేవారు. నేను పోతే సోదరుడు మార్ష్‌మన్ ఆవులను తోటలోకి తోలేస్తాడేమో అని దిగులు పడ్డాడట. ఆ తోటను నా పవిత్ర బాధ్యతగా చూసుకుంటానని మార్ష్‌మన్ మాట ఇచ్చాడు. ఆయన కూడా 1837 డిసెంబరు 5న కన్నుమూశాడు. సొసైటీతో రాజీ కుదిరిన కబురు ఆయన బతికుండగా చేరలేదు. అందరికంటే వెనక మిగిలింది హన్నా. మొదట ఆ వసారా ఎక్కిన వాళ్లలో ఎందరి చావునో చూసింది. 1847 దాకా బతికింది.

1845లో డేన్లు ఊరిని కంపెనీకి అమ్మేశారు. కాలేజీ చార్టరుకు భంగం రాకూడదని అమ్మకపు ఒప్పందంలో రాయించారు. ఆ ఒక్క షరతే లేకపోతే తర్వాతి కథ వేరుగా ఉండేది. మిషన్ వాళ్ల కాగితం మిల్లు, అచ్చుకూటం ఉన్న ఒడ్డు మీదికి జనపనార మిల్లు వచ్చింది. 1820లో ఇంగ్లండు నుంచి తెప్పించిన ఆవిరి యంత్రం చూడటానికి జనం గుంపులుగా వచ్చిన చోటు అది. మార్ష్‌మన్ మాట ఇచ్చిన తోట కూడా మిగల్లేదు. కేరీ కన్నుమూసిన కాలేజీ ఇల్లు నిలిచింది. స్తంభాల భవనం నిలిచింది. పక్కన గ్రంథాలయంలో ఆ నాటి అచ్చు పుస్తకాలు భద్రంగా ఉన్నాయి.

పట్టాలిచ్చే అధికారం మాత్రం చాలాకాలం వాడకుండానే ఉండిపోయింది. తొలి వేదాంత పట్టాలు 1915లో ఇచ్చారు. 1918లో బెంగాల్ శాసనసభ సెరాంపూర్ కాలేజీ చట్టం చేసి, బాప్తిస్టులకే కాక ఇతర శాఖలకూ చోటిస్తూ సెనేటు ఏర్పరచింది. దేశంలోని వేదాంత కళాశాలలు ఒక్కొక్కటే దాని కిందికి వచ్చాయి. మన దగ్గర లూథరన్లు, బాప్తిస్టులు, మరికొన్ని శాఖలు కలిసి 1964లో రాజమండ్రిలో పెట్టి తర్వాత హైదరాబాద్‌కు మార్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల విద్యార్థులు అందుకునే పట్టా ఈ సెనేటుదే. 1827 నాటి డెన్మార్క్ రాజు సంతకమే దానికి మూలం.

తెలుగు నేలపై బాప్తిస్టులు సొంతంగా పెట్టుకున్న సెమినరీ ఇంతకంటే పాతది. 1872లో నెల్లూరుకు ఉత్తరాన, సముద్రపు హోరు వినపడేంత దూరంలో, రామాయపట్నంలో మొదలైంది. అక్కడి ఇళ్లలోకి వచ్చే భాగంలో వెళ్దాం.

(సశేషం)